తుపాకికి ఇంతమంది

లిఖితకు అంకెలంటే చచ్చేంత పిచ్చి. ఆత్మకూరు కాలేజీలో లెక్కలు చెబుతుంది, సెలవొస్తే రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని ఉదయగిరిలో తాతగారింటికి వచ్చేస్తుంది. ఈసారి వచ్చిన పూటే కూతురు కుర్చీ ఈడ్చుకెళ్లి, దాని మీదెక్కి, గోడకున్న తుపాకి బెల్టు పట్టుకుని లాగింది. లిఖిత ఒక్క పరుగున వెళ్లి పాపను ఎత్తుకుంది.

అది రామనారాయణ తాత తుపాకి. చేల మీద అడవి పందుల బెడద కదా, తూటాలు అందులోనే ఉంటాయి. లైసెన్సు రెన్యువల్ దగ్గర పడింది. చేయించొద్దు, స్టేషన్లో అప్పగించెయ్యమని లిఖిత పట్టుబట్టింది. ముసలాయన వింటాడా? మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నారు. తుపాకి పొరపాటున పేలి ఏ దేశంలో ఎందరు పోతున్నారో చూపించు, మనం ఎక్కువైతే ఇచ్చేస్తానన్నాడు.

లెక్కల పంతులమ్మతోనా పందెం! ఫోను తీసుకుని కూర్చుంది. అమెరికాలో ఏటా వందల్లో పోతున్నారు. జపాన్‌లో వేళ్ల మీద లెక్క. మన అంకెను జనంతో భాగిస్తే అమెరికా కంటే తక్కువే తేలింది, తాత మీసం దువ్వాడు. నూట నలభై కోట్ల జనంలో ఇదొక లెక్కా అన్నాడు.

లిఖితకు ఉక్రోషం వచ్చింది, దాని వెంటే ఒక అనుమానమూ వచ్చింది. బావే లేని ఊళ్లో బావిలో పడి ఎవరు చస్తారు? అమెరికాలో మనుషులకంటే తుపాకులే ఎక్కువ. మనకు ఊరికొకటి ఉంటే గొప్ప. మరి జనంతో భాగిస్తే ఏం తెలుస్తుంది?

"తుపాకికి ఇంతమందని లెక్కెయ్యాల తాతా. మన వీధిలో ఎన్నుండాయి?"

"ఇదొకటే."

"దీంతో ఎవురన్నా పోయినారా?"

"ఒక్కరు గూడా లేరు."

గడపలో అలసందలు ఒలుస్తున్న తాత భార్య పెంచలమ్మ అవ్వ తలెత్తకుండానే అడిగింది. "మరి కామయ్యో?"

తాత విసుక్కున్నాడు. కామయ్య ఆ ఇంటి పాలేరు. ఒకసారి పందుల కావలికి తాతకు తోడుగా వెళ్లాడు. గట్టు మీద తాత కాలు జారింది, తుపాకి పేలింది, ముందు నడుస్తున్న కామయ్య అక్కడికక్కడే పోయాడు. దాన్ని ప్రమాదమంటారా ఎవరైనా, వాడి తలరాత అన్నాడు తాత. కామయ్య పెళ్లాం పోలేరమ్మే ఆ మాట అన్నదట.

లిఖితకు కోపం కంటే ముందు ఆశ్చర్యం కలిగింది. ఇన్ని దేశాల పట్టికలు చూసింది గానీ, తలరాత అనే గడి ఎక్కడా కనబడలేదు. ఇలాంటి కామయ్యలు ఏ దేశంలో ఎంతమంది లెక్కకెక్కకుండా పోయారో!

"అయితే ఒక తుపాకికి ఒక మనిషి. అమెరికా గూడా మన దరిదాపుల్లో లేదు తాతా."

తాత నవ్వబోయాడు. అవ్వ చేతిలో కాయ పక్కన పెట్టింది.

"పోలేరమ్మ అనలా ఆ మాట. నువ్వన్నావు, ఆమె తలూపింది. రేపు పాపకేమన్నా అయితే అదీ తలరాతేనా?"

తాత పాప వంక చూశాడు. లేచి, తుపాకి దించి, తూటాలు తీసి లిఖిత చేతిలో పోశాడు. స్టేషన్ సంగతి ఎత్తలేదు.

"పోలేరమ్మ ఇప్పుడు యాడుండాది?" అని అడిగాడు.

దుత్తలూరులో, కూతురి దగ్గర ఉందని అవ్వ చెప్పింది.

"ముందు ఆడికి పోవాల. తలరాత కాదు, నేనే అని చెప్పాల."