దొర ఉపవాసం

మా దొరకి చేటంత ఒళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన నుదురు, పొట్ట కింద దారాల్లాంటి రెండు పొడుగు రెక్కలు. గోరామి చేప! అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం దొరికిన చేపల పుస్తకంలో బొమ్మ చూసి, ఏడ్చి మరీ తెప్పించుకున్నప్పుడు నా అరచేతిలో పట్టేది. ఇప్పుడు నాంపల్లిలో మా ముందుగది సగం దాని తొట్టే. తినేది తోటకూర, పాలకూర, ఉడికించిన బఠాణీలు. ఇంకో సంగతి, ఇది పైకొచ్చి మనలాగే గాలి పీలుస్తుంది, 'గుప్' అని. ఆ చప్పుడు వింటూనే నిద్రపోతాను. కలలో నాంపల్లి స్టేషనంతా నీళ్లలో మునిగి ఉంటుంది, రైళ్లు మెల్లగా ఈదుకుంటూ వచ్చి ప్లాట్‌ఫారం దగ్గర గుప్‌మంటాయి.

క్రిస్మస్ మర్నాడు ఆ చప్పుడు లేదు.

దొర అడుగున పక్కకి ఒరిగి ఉంది. పొట్ట ఉబ్బిపోయింది. పైకి రాబోయి, సగం దాకా వచ్చి, మళ్లీ జారిపోయింది. పైకి రాలేకపోతే దానికి గాలే అందదు! నాన్నా నేనూ బకెట్లతో సగం నీళ్లు తోడేశాం, ఎక్కాల్సిన దూరం తగ్గుతుందని.

"ఏం పెట్టిన్రు దీనికి?" అన్నాను.

"ఆకులే బిడ్డా" అంది నానమ్మ రత్నమణి.

"నాకేం తెల్వదు" అంది అమ్మ యూనీస్.

నాన్న ఇజ్రాయేల్ బకెట్ వైపు చూస్తున్నాడు.

"ఫికర్ చేసుడెందుకు? ప్రార్థన చేద్దాం, కూసోండ్రి" అంది నానమ్మ. మా ఇంట్లో ప్రార్థనంటే ఒకరి తర్వాత ఒకరు, కళ్లు మూసుకుని, పైకే చేయాలి. దేవుడి ముందు ఎవరూ దాచరు. మొదట నానమ్మే ఎత్తుకుంది.

"ప్రభువా, పండుగనాడు అందరూ తింటుంటే అది ఆకులు నములుతుందని జాలిపడి నేను వేసిన మటన్ ముక్కను క్షమించుము..."

నేను కళ్లు తెరిచేశాను.

"తండ్రీ, నేను వేసిన కీమాను కూడా..." అన్నాడు నాన్న.

"ప్రభువా," అమ్మ గొంతు సన్నగా వచ్చింది, "నేను వేసింది కేకే గానీ, పెద్ద ముక్క..."

"ఆమెన్!" అని అరిచాను. "ముగ్గురూనా? గడ్డి తినే పొట్ట అది, గవన్నీ ఎట్లరుగుతయ్?"

"మరి మందేందే జెర్లిన్?" అంది నానమ్మ.

"ఏం పెట్టొద్దు. పొట్ట తగ్గేదాంక పస్తే."

"అంటే ఉపవాసమేనా? గంతే గదా!" నానమ్మ లేచింది. "ఒక్కదాన్నే పస్తుంచుడు పాపం. మనం గూడ ఉందాం. యూనీసూ, పొయ్యి ఆర్పేయ్."

ఆ రోజంతా ఇల్లు ఉతికిన గుడ్డలా తేలిగ్గా ఉంది. గుమ్మంలో వేలాడే కాగితం నక్షత్రం ఎర్రటి వెలుగు సగం నీళ్లలో ఊగుతోంది. దొర మెల్లగా మొప్పలాడిస్తుంటే మేమూ అలాగే ఊపిరి తీస్తున్నాం. కాసేపటికి గదంతా నీళ్లే అనిపించింది, బయట ఆటో హారన్లు ఎక్కడో ఒడ్డు మీంచి వస్తున్నట్టు.

మర్నాటి సాయంత్రం దొర తోక కదిలింది. నిటారుగా అయింది. కొంచెం పైకి, ఇంకొంచెం...

గుప్.

నానమ్మ అప్పటికే తోటకూర కట్ట విప్పింది.

"ఒక్క ఆకే!" అన్నాను.

"ఔనే, ఒక్కటే!"

దొర ఆకు అంచు పట్టుకుని తాపీగా లాగింది. అది పూర్తిగా మింగేదాకా మేం ముగ్గురం రెండ్రోజుల పస్తుతో వాడిపోయిన నాన్న మొహం చూడలేదు.

"ఇగ," అన్నాడు నాన్న, "అన్నం పెడ్తవా యూనీసూ?"