రెండో వేలు చెప్పిన అబద్ధం

టక్... జీరు.

టక్... జీరు.

వెండి మెట్టె బండల మీద పడిన చప్పుడు ఒకటి. ఈడ్చుకుపోయిన చప్పుడు ఒకటి.

తల ఎత్తకుండానే డాక్టర్ వేణుగోపాల్‌కు తెలిసింది. నరసమ్మ వచ్చింది, ధర్మవరం నుంచి పొద్దుటి రైల్లో, హిందూపురం ఆసుపత్రికి.

రెండేళ్లుగా ఆ చప్పుడు అతన్ని వదల్లేదు. పెనుకొండ దాటి కారులో పోతున్నా వినిపించేది. కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నా వినిపించేది.

రెండేళ్ల కిందట ఆపరేషన్ చేసి ఆమె కుడి మోకాలు మార్చింది అతనే. కొత్త కీలు సరిగా కూర్చోవాలంటే ఒంటి మీది గుర్తులు చూసుకోవాలి. తుంటి నుంచి చీలమండ నడిమికి గీత కుదరాలి. ఆ రోజు ఆపరేషన్‌కు కప్పిన గుడ్డల కింద చీలమండను సరిగా తడమలేదు. చీలమండ నడిమికి తిన్నగా ఉంటుందని కాలి రెండో వేలిని నమ్మాడు.

మెట్టె వేలు.

నలభై ఏళ్లు మగ్గం తొక్కి తొక్కి బయటికి తిరిగిపోయిన వేలు.

అది మగ్గం మాట చెప్పింది... ఎముక మాట కాదు.

కాలు మూడు డిగ్రీలు లోపలికి ఒరిగింది. "అలవాటవుతుందమ్మా" అన్నాడు. ఆమె నమ్మింది. బరువంతా ఎడమ కాలి మీదే వేసి నడిచింది. ఇప్పుడు ఎడమ మోకాలూ అరిగింది.

"కుడికాలు మాదిరే ఈ కాలూ పెట్టు సారూ. రెండూ జతగా ఉండాల" అంది నరసమ్మ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అతను ఆమె ముఖం వెతికాడు. నిష్ఠూరం లేదు. లేకపోవడమే అతన్ని భయపెట్టింది.

చెప్పాలనుకున్నాడు.

ఎడమ కాలి ఆపరేషన్‌కు తేదీ రాసిచ్చాడు.

ఆపరేషన్ రోజు నర్సు ఎస్తేరు మెట్టెలు తీయించింది. వేలు బోసిగా ఉండకూడదని నరసమ్మ ఎర్ర పట్టుపోగు కట్టుకుంది. అతను ఆ వేలి వైపు చూడలేదు. గుడ్డలు కప్పకముందే పెన్ను పట్టాడు. చీలమండకు అటూ ఇటూ ఉన్న ఎముకలు తడిమి, వాటి నడుమ ఒక చుక్క పెట్టాడు. మోకాటి కింది ఎముక బుడిపె మీద ఒక చుక్క. రెంటినీ కలుపుతూ గీత.

ఈ కాలు ఎంత బాగా కుదిరితే ఆ కాలి తప్పు అంతగా బయటపడుతుంది.

ఒక్క క్షణం... జతగానే పెట్టేద్దామా అనిపించింది.

అనిపించినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. గీత ప్రకారమే పెట్టాడు.

ఆరు వారాల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. మెట్టెలు పెట్టుకుని వచ్చింది. వరండా మధ్యలో ఆగిపోయింది. మగ్గం మీది పడుగు దారాలు సరిచూసే కళ్లతో తన కాళ్లనే చూసుకుంది.

"ఇది నిటారుగా ఉండాది" అంది మెల్లగా. "మరి ఆ కాలు యాల అట్లుండాది సారూ?"



ఆమె బదులు కోసం ఆగలేదు. ఇంకో రెండడుగులు వేసింది, తల వంచి, వినడానికే.

టక్...

జీరు.