కరీమున్ తెచ్చిన డ్రిల్లు

పెదకాకానిలో సిద్దికా ఇంటి వరండాలో ఒక బల్ల ఉంది, దాని నిండా పనిచేయని బ్యాటరీలు. కొన్ని మిరప చేలకు మందు కొట్టే స్ప్రేయర్లవి, కొన్ని వడ్రంగుల డ్రిల్లులవి. డబ్బా విప్పి, లోపల పాడైన సెల్లులు తీసి కొత్తవి వేసి ఇవ్వడం ఆమె పని. తెచ్చినవాళ్ళు బండి దిగకుండానే ఇచ్చి వెళ్ళిపోతారు. "సాయంత్రం రండి" అనడానికి తప్ప ఆమె నోరు విప్పని రోజులు చాలానే ఉండేవి.

నాలుగేళ్ళ కిందటి దాకా ఆమె గుంటూరు శివార్లలో త్రిధార డ్రిల్లుల ఫ్యాక్టరీలో మోటార్లకు రాగితీగ చుట్టేది. పదిహేడేళ్ళు పక్క కుర్చీ కరీమున్‌ది. ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళు, ఒకరి కూర ఒకరు తినేవాళ్ళు. ఆఖరి ఏడాది వియత్నాం నుంచి లిన్ అనే అమ్మాయి పని నేర్చుకోవడానికి వచ్చింది. అక్కడ ఇంకో బ్రాంచి పెడుతున్నామని చెప్పి, నేర్పే పని సిద్దికాకు అప్పగించారు. ఆరు వారాలు నేర్పింది. ఆ పిల్ల వెళ్ళిన మూడు నెలలకు ఇక్కడి గేటుకు తాళం పడింది. డ్రిల్లుల మీద ఇప్పటికీ అదే పేరు. తయారయ్యేది మాత్రం అక్కడ.

ఆ రోజు గేటు దగ్గర అందరి ముందూ కరీమున్ అడిగింది, నువ్వు నేర్పకపోతే వాళ్ళు పనంతా ఎట్టా పట్టుకుపోయేవాళ్ళని. అంతే, తర్వాత మాటల్లేవు. మిగతావాళ్ళు కూడా సిద్దికా కనిపిస్తే తల తిప్పుకున్నారు.

మొన్న ఫిబ్రవరిలో, ఎండుమిర్చి ఘాటు ఊరంతా కమ్ముకున్న ఒక మధ్యాహ్నం, ఆ కరీమునే మెట్లెక్కి వచ్చింది. చేతిలో భర్త జాన్ బాషా పాత త్రిధార డ్రిల్లు. బ్యాటరీ చచ్చిపోయిందట. ఆ రకం తయారీ ఆపేశారట, కొత్త బ్యాటరీ దీనికి పట్టదట. డ్రిల్లే కొత్తది కొనుక్కోమన్నారట షాపుల్లో.

సిద్దికా కుర్చీ జరిపింది. కరీమున్ కూర్చుని చేతులు ఒళ్ళో దాచుకుంది. మిరపకాయల తొడాలు తీసే పనికి వెళ్తున్నట్టుంది, వేళ్ళు ఎర్రగా పొంగి ఉన్నాయి. సిద్దికా లోపలికి వెళ్ళి గిన్నెలో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. కరీమున్ వేళ్ళు అందులో ముంచింది.

అయిదు సెల్లుల్లో రెండు పాడయ్యాయి. సిద్దికా వాటిని మారుస్తుంటే కరీమున్ తనే మాట మొదలుపెట్టింది.

"ఆ రోజు నోరు జారాను సిద్దికా. పని పోయిందన్న మంట. పోతుందని నీకు మాత్రం ఏం తెలుసు, పాపం."

నాలుగేళ్ళుగా వినాలనుకున్న మాట. తల ఊపితే చాలు, రేపటి నుంచి మళ్ళీ ఇద్దరూ ఒకటే. సిద్దికా సెల్లు బల్ల మీద పెట్టేసింది.

"నాకు తెలుసే. నాలుగో వారంలోనే సూపర్‌వైజర్ చెప్పాడు, ఎవరితో అనొద్దని."

కరీమున్ వేళ్ళు గిన్నెలో కదలడం ఆగిపోయింది.

"తెలిసే నేర్పావా?"

"ఊఁ."

"ఎందుకే?"

సిద్దికా ఈ ప్రశ్న తనకు తాను ఎన్నిసార్లు వేసుకుందో. భయమని చెప్పొచ్చు. అది నిజం కాదు.

"ఆ పిల్ల చేతుల్లో మంచి పనితనం ఉందే. అంత ఇష్టంగా నా దగ్గర ఎవరూ ఏదీ నేర్చుకోలేదు. మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

కరీమున్ అరవలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, పని పూర్తయ్యేదాకా వీధి వైపు చూస్తూ కూర్చుంది. బ్యాటరీ బిగించి మీట నొక్కితే డ్రిల్లు గిర్రున తిరిగింది. అది తీసుకుని, వస్తానని కూడా అనకుండా మెట్లు దిగింది. సిద్దికా వీధి మలుపు దాకా చూసింది. చెప్పకుండా ఉండాల్సిందని ఆమెకు ఒక్కసారి అనిపించింది. ఉండలేకపోయేదాన్నని కూడా అనిపించింది.

వారం తర్వాత వీరబాబు అనే వడ్రంగి అదే రకం డ్రిల్లు పట్టుకొచ్చాడు. ఎవరు చెప్పారని అడిగింది.

"జాన్ బాషా గారి భార్యండి. ఇది మీరొక్కరే బాగు చేయగలరన్నారు."

ఆ వేసవిలో ఇంకో నలుగురు వచ్చారు. అందరూ కరీమున్ పేరే చెప్పారు. కరీమున్ మాత్రం రాలేదు.