చివరి సీను ఎవరు చెప్పారు?

మా ఆవిడ సుగుణకుమారికి ఎవరి మీదైనా అనుమానం వస్తే ముందు వంటింట్లో గిన్నెల చప్పుడు పెరుగుతుంది. ఆ శనివారం పొద్దున ఆ చప్పుడు విని మేడ మీంచి దిగి వచ్చేసరికి ఫోను నా మొహం ముందు పెట్టింది. తను రాసి, తనే నిర్మిస్తున్న టీవీ సీరియల్లో చివరి సీను ఏమిటో ఎవరో ఇంటర్నెట్లో పెట్టేశారు. చనిపోయిందని అందరూ నమ్మిన తల్లి ఆఖర్న వచ్చి కూతురి ఇంటి తలుపు తడుతుంది. ఆ సీను ఇంకా షూటింగ్ కూడా కాలేదు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతా చూడండి," అంది.

"ప్రభువుని నమ్ముకున్నదానివి, మధ్యలో ఈశ్వరుడెందుకే?" అన్నాను. నవ్వలేదు.

నవ్వే సంగతి కాదు మరి. ఎవరు చెప్పారో తేలకపోతే రెండో సిరీస్ ఉండదని ఛానల్ వాళ్లు ఫోన్ చేసి చాలా మర్యాదగా చెప్పారు. ఈ ఇంగ్లండువాళ్లు మర్యాద పెంచితే నాకు గుండెల్లో రాయి పడుతుంది.

సుగుణ ఒకప్పుడు గుంటూరు వైపు పరిషత్తు నాటకాల్లో పేరున్న నటి. ఆడవేషాలకు మనుషులు దొరక్క, ఒకే పోటీలో రెండు మూడు నాటక సమాజాలకు తనే వేసేది. పొద్దున వీళ్లతో రిహార్సల్, సాయంత్రం వాళ్లతో నాటకం. దాంతో ఒకరి ముగింపు ఇంకొకరికి చేరవేస్తుందని ప్రతివాళ్లకీ అనుమానమే. మేకప్ వేసుకున్నాక గానీ చివరి పేజీ చేతికిచ్చేవారు కాదట. "నన్ను దొంగలాగా చూశారండీ," అని పెళ్లయిన కొత్తలో చెప్పి ఏడ్చింది. నా నర్సు ఉద్యోగానికి మాంచెస్టర్ వచ్చాక తను కేర్ హోములో చేరింది. అక్కడి ముసలివాళ్ల కబుర్లతో చిన్న నాటకం రాసి ఆడితే, ఒక టీవీ కంపెనీవాళ్లు చూసి పిలిచారు. అలా రచయిత్రి అయింది, ఇప్పుడు నిర్మాత కూడా.

ఆ సీను చదివినవాళ్లు కొద్దిమందే. అందులో సుగుణ కన్ను నిఖిత మీద పడింది. నిఖితది హైదరాబాదు కుటుంబం, పెరిగింది లండన్ వెంబ్లీలో. సీరియల్లో కూతురి వేషం తనదే. అంత పెద్ద వేషం ఆ పిల్లకి అదే మొదటిది.

"ఇంకో కంపెనీకి ఆడిషన్ ఇచ్చొచ్చిందంట. నాకు చెప్పలా," అంది సుగుణ.

"నువ్వూ ఒకేసారి మూడు సమాజాలకి వేశావుగా?"

"అది వేరు. లీకు మాటెత్తగానే ఫోను బోర్లా పెట్టిందండీ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు."

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ తరవాత నిఖిత నవ్వినా తప్పే, నవ్వకపోయినా తప్పే. ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఒకరోజు ఆ పిల్ల మా ఇంటికి వచ్చి, పెరట్లో నిలబడి ఫోన్ మాట్లాడుతుంటే కిటికీ పక్కన చేరి విన్నాను. వాళ్లమ్మతో ఆకలి లేదంటోంది. అందులో కూడా ఏదో సంకేతం ఉందేమోననిపించింది.

చివరికి సుగుణ ఆ సీను తిరగరాసింది. ఇప్పుడు తలుపు తీసేది కూతురు కాదు, కొడుకు. ఆ సీను తీసే రోజు నిఖితని రానక్కరలేదన్నారు. ఎందుకో ఎవరూ పైకి అనలేదు గానీ సెట్లో అందరికీ తెలుసు. భోజనాల వేళ ఆ పిల్ల బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదని సుగుణే నాకు చెప్పింది, ఏదో గెలిచినట్టు.

నిఖిత ఒకసారి ఫోన్ చేసింది. "ఆంటీ, ప్రామిస్. ఐ డిడింట్. నేను ఎవ్వరికీ చెప్పలే."

"సరేనమ్మా," అని పెట్టేసింది సుగుణ. ఫోన్లో ఆ పిల్ల గొంతు వింటే నాకే జాలేసింది. అయినా నోరు మెదపలేదు.

ఆ శుక్రవారం మా చర్చి పెద్ద మాథ్యూ గారింట్లో కుటుంబ ప్రార్థన. మా సంఘంలో ప్రార్థన అంశం ముక్తసరిగా చెబితే ఒప్పుకోరు. జ్వరమంటే ఎన్ని డిగ్రీలు, వీసా అంటే ఏ వీసా, అన్నీ విడమరచి చెప్పాలి. పాటలయ్యాయి, వాక్యం అయింది. అందరం కళ్లు మూసుకున్నాం. మాథ్యూ గారు గొంతెత్తారు.

"ప్రభువా, మా సుగుణ సిస్టర్ పోయిన నెలలో కన్నీళ్లతో అడిగిన అంశం నీ సన్నిధిలో పెడుతున్నాం తండ్రీ. చనిపోయిందనుకున్న ఆ తల్లి తిరిగొచ్చి కూతురి తలుపు తట్టే ఆ చివరి సీను బాగా రావాలి తండ్రీ. దాన్ని ముందే బయటపెట్టిన వాళ్లెవరో నువ్వే బయటపెట్టు తండ్రీ."

"ఆమేన్," అన్నారందరూ.

నేను ఒక కన్ను తెరిచి చూశాను. సుగుణ అప్పటికే రెండు కళ్లూ తెరిచి ఉంది.

ప్రార్థన అవగానే పాస్టరమ్మ గారి దగ్గరకి వెళ్లి, ఆ సంగతి ఇంకెవరికైనా తెలుసా అని అడిగింది.

"అయ్యో, మీరు చెప్పిన రోజే అన్ని ఊళ్ల చైన్ ప్రేయర్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం సిస్టర్! బేసింగ్‌స్టోక్ వాళ్లయితే ఉపవాసం కూడా ఉన్నారు," అన్నారావిడ సంతోషంగా.

కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంది సుగుణ. "నేను దేవుడికే కదండీ చెప్పుకుంది," అంది.

"ముందు ఆ పిల్లకి ఫోన్ చెయ్యి," అన్నాను. నాకు కోపంగా ఉంది, తన మీదా, నా మీదా.

"ఫోన్లో కాదు. అందరి ముందే కదా పరువు తీశాను. అందరి ముందే చెప్తా."

సోమవారం నిఖితని పిలిపించింది. తోడుగా నేనూ సెట్‌కి వెళ్లాను. అందరినీ నిలబెట్టి ఇంగ్లీషులో మొత్తం చెప్పింది. సంగతి బయటపెట్టింది తనేనని, నిఖిత కాదని, అన్యాయంగా అనుమానించానని. మైకు లేకుండా వెయ్యిమందికి వినిపించిన గొంతు మధ్య మధ్య ఆగిపోయింది. ఉపవాసం మాట రాగానే డైరెక్టర్ పకపకా నవ్వాడు. దాంతో అందరూ అందుకున్నారు. ఛానల్ నుంచి వచ్చినావిడ కళ్లు తుడుచుకుంటూ, ఇది రెండో సిరీస్‌లో పెట్టాల్సిందే అంది. సుగుణ గట్టిగా ఊపిరి వదిలి తనూ నవ్వింది. వెళ్లి నిఖిత చెయ్యి పట్టుకుంది.

"ఆ సీను నీదేనమ్మా. నన్ను క్షమించు."

నిఖిత చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నవ్వుతున్నవాళ్లందరినీ ఒకసారి చూసింది. తరవాత, మా ఇద్దరికీ తప్ప అక్కడ ఎవరికీ అర్థం కాకుండా, తెలుగులో అడిగింది.

"అది నేనే చేసుంటే అందరూ ఇట్లనే నవ్వేటోళ్లా ఆంటీ?"

చుట్టూ వాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.