వీణకు తగిన వైరు

ఘాజియాబాద్‌లో నాది వైర్ల దుకాణం. ఫరీదాబాద్ ఫ్యాక్టరీల ప్యానెల్ బోర్డులకు సరుకిచ్చేది నేనే. ఏ పనిలో దిగినా లాభమెంత, నష్టమెంత అని ముందే బేరీజు వేసుకుంటాను. తొంభై నాలుగులో మాత్రం లాభం లేదని తెలిసే ఒక పనిలో దిగాను. ఇంట్లో కూర్చుని ఆంప్లిఫయర్ తయారుచేశాను.

కారణం మా ఆవిడ సరోజిని వీణ. అంతకు ముందటి ఉగాదికి మా తెలుగు సంఘం సభలో అద్దె మైకు సెట్టు గుయ్యిమని మోగి, ఆవిడ వాయించిన రాగాన్ని మింగేసింది. వెనక వరసలవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. సరోజిని ఇంటికొచ్చి వీణకు తొడుగు వేసేసింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా వేదిక ఎక్కలేదు.

"నేను చేసిన సెట్టు మీద వాయిస్తావా?" అని అడిగాను.

"మోత లేకపోతే వాయిస్తా. ఉంటే మాత్రం ఇక జన్మలో అడక్కూడదు."

బేరం కుదిరింది.

సంఘం కార్యదర్శి సదాశివరావు నవ్వాడు. "వెంకటసుబ్బయ్యగారూ, హాయిగా వైర్లు అమ్ముకోక మీకెందుకండీ ఈ గొడవ? ఆదివారం వచ్చి వింటా. బాగుంటే సరే. లేకపోతే మళ్లీ అద్దె సెట్టే."

ట్రాన్స్‌ఫార్మరు, సర్క్యూట్ బోర్డు, వీణకు అంటించే చిన్న మైకు ఢిల్లీలో కొన్నాను. వైరు మాత్రం నా కొట్లోదే. మంచి సరుకేదో నాకు ఒకరు చెప్పాలా? అన్నిటికీ లావుపాటి రాగి వైరే వాడాను. ప్యానెల్ బోర్డుల పద్ధతిలో అన్నిటినీ ఒకే కట్టగా చేర్చి, మైనం దారంతో వరసగా ముళ్లు వేశాను. మూత తీసి చూస్తే నున్నగా దువ్వి జడ వేసినట్టుంది.

స్విచ్చి వేశాను. గుయ్యి!

సరోజిని వంటింట్లోంచి వచ్చింది. "నేనింకా తీగ మీద వేలు వెయ్యనేలేదు. ఎవరండీ ఆ పక్కవాద్యం?"

"కొత్తది కదా, సర్దుకుంటుంది."

"పెళ్లిలో మీ గురించి కూడా మావాళ్లు ఇదే మాటన్నారు" అని వెళ్లిపోయింది.

వైరు చాలలేదేమోనని ఇంకా లావుది వేశాను. మోత అలాగే ఉంది. ఆదివారం పొద్దున, సెట్టు ఆన్‌లో ఉంచి, సరోజిని స్వెట్టర్లు అల్లే ప్లాస్టిక్ సూదితో కట్టను అక్కడక్కడా కదిపి చూశాను. ఒకచోట ముడి వదులై, వీణ నుంచి వచ్చే వైరు కాస్త పక్కకు జరిగింది. మోత తగ్గింది. సూది తీస్తే మళ్లీ పెరిగింది.

అప్పుడు అర్థమైంది. ఫ్యాక్టరీ బోర్డులో వైర్లు ఏం మాట్లాడుకున్నా వినేవాడు లేడు. అక్కడ కట్ట కట్టినా చెల్లుతుంది. ఇక్కడ వీణ నుంచి వచ్చే కరెంటు ఊపిరంత. దాన్ని నేను తీసుకెళ్లి ట్రాన్స్‌ఫార్మరు వైర్ల ఒళ్లో పడుకోబెట్టాను. వాటి మోతనే అది మోసుకొస్తోంది.

ముచ్చటపడి కట్టిన కట్టను బ్లేడుతో కోసేశాను. ప్రాణం ఉసూరుమంది. ట్రాన్స్‌ఫార్మరు వైర్లను జంటగా గట్టిగా మెలిపెట్టి డబ్బా ఎడమ గోడకు చేర్చాను. వీణకు లావు వైరు తీసేసి, బయటి మోతను లోపలికి రానివ్వకుండా పైన సన్నని రాగి అల్లిక ఉన్న మైకు వైరు వేశాను. కొట్లో ఎవరూ అడగక మూలపడ్డ సరుకు అది. ఆ అల్లికను ఒక్క చివర మాత్రమే డబ్బాకు టంకం పెట్టి, వైరును కుడి గోడ వెంట ఒంటరిగా నడిపించాను.

సాయంత్రం సదాశివరావు వచ్చి స్పీకరుకు చెవి ఆనించాడు. "ఆన్ చెయ్యండి మరి."

"ఆన్‌లోనే ఉందండీ."

నమ్మలేదు. వంగి ఎర్ర దీపం చూసి, మళ్లీ చెవి ఆనించాడు. సరిగ్గా అప్పుడే సరోజిని మంద్రం తీగ మీటింది. ఆయన ఉలిక్కిపడి నేలమీద చతికిలబడ్డాడు.

"చెప్పి వాయించకూడదుటమ్మా!"

"చూడండి, ఇంత చిన్న వీణకు ఎంత పెద్దమనిషి పడ్డాడో" అంది, నా వైపు తిరిగి.

ఉగాది రోజు నేను చివరి వరస వెనక నిలబడ్డాను. గమకం సాగి సాగి, సన్నబడి ఆగేదాకా అక్కడికి వినిపించింది. ఒక్కరు కూడా కుర్చీ కదపలేదు. షామియానా వేసిన పెద్దాయన నా పక్కకు వచ్చి, "భాయ్‌సాబ్, యే సెట్ కహాఁ సే లాయే?" అంటూ ఈ సెట్టు ఎక్కణ్ణుంచి తెచ్చారని గుసగుసగా అడిగాడు.

"ఘర్ పే బనాయా హై" అన్నాను, ఇంట్లోనే చేశానని. అడక్కపోయినా వేదికవైపు వేలు చూపించి, వాయిస్తున్నది మా ఆవిడేనని కూడా చెప్పాను.