శనివారం తీర్పు

తర్లుపాడు రోడ్డు మీద మా పలకల షెడ్డులో మా ఆయన నిత్యానందానికి ఉన్న పేరు రాయి కోయడం వల్ల వచ్చింది కాదు, సినిమాల వల్ల వచ్చింది. షెడ్డుకు శుక్రవారం సెలవు. ఆ రోజు తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మార్కాపురం పోతాడు. ఏ కొత్త సినిమా పడితే అది మార్నింగ్ షో చూసి వస్తాడు. శనివారం పొద్దున మిషన్లు వేసే ముందు, అందరం టీ తాగుతుంటే తీర్పు చెబుతాడు. ఆయన బాగుందంటే ఆదివారం సాయంత్రం రెండు ఆటోలు మాట్లాడుకుని ఫస్ట్ షోకు పోతాం. బాగాలేదంటే ఎవరూ కదలరు. ఫోన్లలో ఎవరెవరో సినిమాలకు చుక్కలు పెడతారట. మాకు ఆ చుక్కలతో పని లేదు.

ఇంట్లో ఆయన మాటకు అంత సీను లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే మూడుసార్లు ఆలోచించి, చివరికి నన్నే అడుగుతాడు. సినిమా దగ్గర మాత్రం గురి తప్పేవాడు కాదు.

ఒక రైతు సినిమా వచ్చింది. హాలు హాలంతా ఏడ్చిందని చెప్పుకున్నారు. ఈయన మాత్రం, "హీరో పార పట్టుకున్న తీరు చూసినారా? రెండు చేతులూ ఒక్కచోటే పెట్టినాడు. అట్ల తవ్వితే పొద్దుగూకేసరికి నడుము పడిపోతది" అన్నాడు. ఇంకో ప్రేమకథకు, "ఆ పిల్ల వాణ్ణి చూసి ఒక్కసారన్నా విసుక్కోలేదు. ఇంక ప్రేమ ఏడ నుంచి వచ్చె?" అన్నాడు. హత్య చేసిందెవరో కనిపెట్టే సినిమాకు పోయి ఇంటర్వెల్లోనే లేచి వచ్చాడు. ఎవరు చంపారో తనకు తెలిసిపోయిందట, మిగతా సగం పోలీసులకు తెలియడం కోసమట. దేవుడు గాల్లో ఎగిరి కొండను పిండి చేసే సినిమా వస్తే, "కొండ పగలగొట్టే పని మనం రోజూ చేస్తానే ఉన్నాం, దానికి దేవుడెందుకు?" అని కొట్టిపారేశాడు. జనం చప్పట్లు కొట్టారంట గదా అని ఎవరైనా అంటే, "జనంతో నాకేం పని? టికెట్టు నాది, కళ్లు నావి" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మెడ కొంచెం నిటారుగా నిలబడేది. నాకు నవ్వొచ్చేది, కానీ లోపల గర్వంగానే ఉండేది.

ఏడాదిగా ఆ తీర్పుల్లో తేడా వచ్చింది. ఫైట్లున్న ప్రతి సినిమా బాగుందనేవాడు. కుటుంబ సినిమాలన్నీ బాగాలేవు. "ఊరికే ఎదురుబదురు నిలబడి పెదవులు ఆడిస్తున్నారు. ఈ కాలం వాళ్లకు మాటలు రాయడం రాదు" అనేవాడు. కామెడీ సినిమా ఎలా ఉందంటే, "జనం బాగా నవ్వినారు" అనడం మొదలుపెట్టాడు. జనంతో పని లేదన్న మనిషి జనం లెక్క చెబుతుంటే నాకు వింతగా అనిపించింది గానీ, వయసు మీద పడి మెత్తబడ్డాడులే అనుకున్నాను. తీర్పు కుదరలేదని గొణిగింది మేం ఆడవాళ్లమే. కోత మిషన్ల మీద ఉండే మగవాళ్లు ముగ్గురూ ఆయన ఏమంటే దానికి తల ఊపేవాళ్లు. మగవాళ్లకు మగవాళ్లు వత్తాసు, ఇందులో కొత్తేముంది?

మొన్న వేసవిలో ఒక దయ్యం సినిమా వచ్చింది. శనివారం టీ దగ్గర ఈయన, "పేరుకే దయ్యం. భయం అన్నదే లేదు. పిల్లకాయల్ని గూడా తీసకపోవచ్చు" అన్నాడు. ఆదివారం పోయాం. లారీ లోడు ఉందని మిగతా మగవాళ్లు షెడ్డులోనే ఆగిపోయారు. మా వరసలో నేను, ఈయన, నాగమల్లేశ్వరి, ఆమె మనవరాలు కూర్చున్నాం. నాగమల్లేశ్వరి షెడ్డులో నా పక్కన కూర్చుని రాళ్లు రంగుల వారీగా ఏరుతుంది. మిషన్ మీద ఉండే రామసుబ్బయ్య ఆమె మొగుడు. మనవరాలికి ఆరేళ్లు.

తెర మీద ఒక చీకటి గది. ఎవరూ లేరు, ఏమీ లేదు, ఊరికే గోడ కనిపిస్తోంది. వెనక నుంచి ఒక పసిబిడ్డ ఏడుపు, ఎవరో గోళ్లతో తలుపు గీకుతున్న చప్పుడు. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఉన్నట్టుండి ఆడమనిషి కేక ఒకటి హాలు పగిలిపోయేటట్టు వచ్చింది. జనమంతా కుర్చీల్లో ఎగిరిపడ్డారు. ఆ పిల్ల కెవ్వుమని అవ్వ ఒళ్లో తల దూర్చింది. నేను ఈయన చెయ్యి పట్టుకుందామని తిరిగాను.

ఈయన జంతిక తింటున్నాడు. తెర వైపే చూస్తున్నాడు, ఖాళీ గోడను చూసినట్టు. జనం ఎగిరిపడ్డాక, ఒక క్షణం ఆలస్యంగా, ఏమైందా అని పక్కకు చూశాడు. అందరి ముఖాలూ వెతికి, అప్పుడు తను కూడా భయపడినట్టు కళ్లు పెద్దవి చేశాడు. నాకు అర్థమైపోయింది. ఈయనకు వినపడటం లేదు.

ఇన్నాళ్లూ ఎట్లా కనిపెట్టలేదే అని ఎవరైనా నన్ను అడగొచ్చు. రాయి కోసే మిషన్ తిరుగుతుంటే పక్కనున్న మనిషికి మంచినీళ్లు కావాలన్నా అరిచి అడగాలి. పెళ్లయి ఇరవై ఏడేళ్లు, ఇంట్లోనూ మాకు అదే గొంతు. మా వీధిలో షెడ్డు వాళ్ల ఇళ్లన్నీ అంతే. కొత్తగా వచ్చినవాళ్లు పోట్లాట అనుకుంటారు. గుసగుస అన్నది మా బతుకుల్లో లేదు.

ఇంటికొచ్చాక, వంటింట్లో ఆయన వీపు వెనక నిలబడి, "ఏమయ్యా" అన్నాను మెల్లగా. పలకలేదు. మళ్లీ అన్నాను. పలకలేదు. ముందుకుపోయి భుజం పట్టుకుని, "ఎప్పటి నుంచి?" అని అడిగాను.

ఆయన అబద్ధమాడలేదు. "ఏడాదిన్నర. మిషన్ ఆపినా చెవుల్లో మోత ఆగటం లేదు."

"మరి సినిమాలు?"

"జనం ముఖాలు చూస్తా. నవ్వితే కామెడీ బాగున్నట్టు. ఏడిస్తే సెంటిమెంటు పండినట్టు. మొన్న శుక్రవారం ఈ దయ్యం సినిమాకు హాల్లో నలుగురే ఉన్నారు, అందరూ నా వెనకాలే. ఎవరి ముఖమూ కనపడలేదు."

నాకు కోపం వచ్చింది. డాక్టరు దగ్గరికి పోదామంటే సరేనన్నాడు, షెడ్డులో మాత్రం చెప్పవద్దన్నాడు. "రాయి కోసే చేతులు ఎక్కడైనా దొరుకుతాయి. శనివారం పొద్దున ఆ పది నిమిషాలు తప్ప నాకేముందే?" అన్నాడు. కోపం అంతటితో పోయింది. జాలి వేసింది, చాలా జాలి వేసింది.

కానీ పిల్లకు మూడు రోజులు జడుపు జ్వరం. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. నాగమల్లేశ్వరి మా గడప ముందుకొచ్చి నిలబడి, "తెలిసి తెలిసి పిల్లను జడిపించినాడు, నవ్వుకోవడానికి" అని అరిచింది. ఈయన మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. "చూడు వదినా, చెవిటోని ముందర శంఖం ఊదినట్టుంది. ఎంత తిట్టినా ఉలకడు, పలకడు" అంది.

ఆమె పోయాక ఆయన ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేటట్టు ఒక్కొక్క మాటే చెప్పాను. "అందరూ నిన్ను అబద్ధాలకోరు అంటున్నారు. పసిపిల్లతో ఆడుకున్నావంటున్నారు. ఆ పేరు ఉంచుకుంటావో, చెవిటోడన్న పేరు తెచ్చుకుంటావో నువ్వే చూసుకో."

ఆ శుక్రవారం ఆయన సినిమాకు పోలేదు. మిరపకాయలు ఎండబెడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు తొడిమలు తీసి లేచి పోయాడు.

శనివారం పొద్దున టీ వచ్చింది. నాగమల్లేశ్వరి గ్లాసు అందుకుంటూ, "ఈసారి ఎవరి బిడ్డను జడిపిస్తావన్నా?" అంది. ఈయనకు ఆ మాట వినపడలేదు. కానీ ఆమె ముఖం కనపడింది. లేచి నిలబడ్డాడు.

"నాకు చెవులు ఇనపడటం లేదు" అన్నాడు. "ఏడాదిన్నర నుంచి ఇనపడటం లేదు. హాల్లో జనం ముఖాలు చూసి చెప్పినా సినిమాలన్నీ. ఆ దయ్యం సినిమా నాకు చప్పుడు లేని బొమ్మ. పిల్లకు జొరం తెప్పించాలని కాదు. ఇంక నన్ను సినిమాల గురించి అడగబాకండి."

అరిచి చెప్పుకునే మాట కాదు కాబట్టి, బతికినన్నాళ్లలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"అన్నా" అంది నాగమల్లేశ్వరి. కళ్లు తుడుచుకుంది. నేను మగవాళ్ల వైపు చూశాను. మిషన్ల మీద ఉండే మిగతా ఇద్దరూ తలలూపుతున్నారు. రామసుబ్బయ్య చిన్నగా నవ్వుతూ ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"బాగుందన్న మాట" అన్నాడు. "అయితే రేపు పోదాం బావా."

నాగమల్లేశ్వరి గబుక్కున మొగుడి వైపు తిరిగింది. అతను అప్పటికే మిషన్ వైపు నడిచాడు. "ఏమయ్యా" అని పిలిచింది, ఎప్పుడూ లేనంత మెల్లగా. మళ్లీ పిలిచింది. రామసుబ్బయ్య వెనక్కి తిరిగి చూడకుండానే పోయి మిషన్ స్విచ్ వేశాడు.