చెత్త ఫైలులో అక్క

ముప్పై ఏళ్లుగా పాటల్లోంచి చెత్త తీయడమే నా పని. ఫ్యాను రొద, కుర్చీ కిర్రుమనడం, వీధిలో హారను, ఏదీ నా చెవి దాటిపోదు. అంత గొప్పవాడికి కూడా ఒకరోజు బుద్ధి గడ్డి తింది.

ఆ అమ్మాయి జానపదాలు కడుతుంది, తనే గిటారు పట్టుకుని పాడుతుంది. నన్ను అభిమానంగా బాబాయ్ అంటుంది. కొత్త ఆల్బమ్‌లో తొమ్మిది పాటలూ చనిపోయిన వాళ్లక్క మీదే. ఎనిమిది నా స్టూడియోలో పాడింది. తొమ్మిదోది మాత్రం అక్క బతికుండగా ఇంట్లో, ముందు గదిలో తలుపు వేసుకుని పాడుకున్నది. అప్పటికి అక్క పక్క గదిలో మంచాన పడి ఉందట.

"మళ్లీ పాడవే, శుభ్రంగా రికార్డు చేద్దాం" అంటే వింటేగా! అదే కావాలని మొండికేసింది. నీ ఖర్మ అనుకుని కూర్చున్నాను. రెండు రోజులు తల ప్రాణం తోకకొచ్చింది. పాటను కడిగిన ముత్యంలా చేసి, అలవాటు కొద్దీ తను ఆ పాట తెచ్చిచ్చిన మెమరీ కార్డు ఖాళీ చేసేశాను.

పొద్దున్నే వచ్చి వింది. మెచ్చుకుంటుందని నేను మీసం దువ్వుకుంటున్నాను.

"దగ్గేది బాబాయ్?"

"ఏ దగ్గు?"

"రెండో చరణం తర్వాత. అక్కది."

"తీసేశా. పాటలో దగ్గేమిటమ్మా, అసహ్యంగా!"

తను ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"అక్క గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు. ఆ దగ్గొక్కటే ఉంది. పాడినప్పుడల్లా గోడ అవతల్నుంచి అరిచేది, గొంతు తగ్గించవే, తల పగిలిపోతోంది అని. నా పాటలంటే అంత చిరాకా? ఒక్కటైనా విందా? అడుగుదామంటే మనిషి లేదు."

ఒక్కటే దిక్కు. తీసిన చెత్తను వేరే ఫైలులో వారం ఉంచుతాను, పొరపాటున పాటను కూడా కోసేశానేమో చూసుకోవడానికి. దాన్ని పెట్టాను.

ఫ్యాను రొద. మంచం కిర్రు. పాట లేదు, పాట చుట్టూ ఉన్న ఇల్లు మాత్రం ఉంది. తర్వాత దగ్గు. తను నా మోచెయ్యి పట్టుకుంది. ఆపబోతే, "ఉండు" అంది.

రొద కింద ఇంకేదో ఉంది. శబ్దం పెంచాను. సన్నగా ఆడగొంతు కూనిరాగం తీస్తోంది, అదే వరస. ఫ్యాను రొదతో కలిపి ఆ గొంతును గీకేసింది నేనే.

"మూడో చరణంలో మాట మర్చిపోయి ఆగానిక్కడ" అంది తను, గుసగుసగా.

ఆ ఖాళీలో గోడ అవతలి గొంతు ఆ మాట అందించింది.

"ఈ పాట ఎవరికీ వినిపించలేదు బాబాయ్. అక్కకెలా వచ్చు?"

"ఎలా ఏమిటే పిచ్చిదానా! నువ్వు తలుపు వెనక సాధన చేసిన ప్రతిరోజూ వింది."

అప్పుడు ఏడ్చింది. నేనూ కళ్లద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించాను.

మధ్యాహ్నానికి చెత్తంతా తిరిగి పాటలో కలిపాను, ఫ్యానుతో సహా. తను కళ్లు మూసుకుని వింది. సగంలో తల అడ్డంగా ఊపింది.

"నా గొంతు తగ్గించు బాబాయ్. అక్కది వినపడట్లేదు."